దుబాసీ నోట అబద్ధం

రూపవతిది యానాం. వాళ్ల తాత ఫ్రెంచి సైన్యంలో పనిచేశాడు. బళ్లో నేర్చుకున్న ఫ్రెంచి భాషే కెనడాలోని నార్త్ యార్క్ వచ్చాక ఆమెకు అన్నం పెట్టింది. కోర్టు జాబితాలో తెలుగు, ఫ్రెంచి రెండూ తెలిసిన దుబాసీ ఆమె ఒక్కతే. అందుకే ఫిబ్రవరిలో కోర్టు నుంచి కబురు ఆమెకే వచ్చింది.

పారిస్ నుంచి దర్యాప్తు జడ్జి ఎతియెన్ వెర్నోల్ ఒక సాక్షిని ప్రశ్నించడానికి వస్తున్నాడు. ఫ్రాన్సులో పెద్ద కేసుల దర్యాప్తు నడిపేది జడ్జీలే. ఇరవై ఆరేళ్లుగా టెర్రరిజం కేసులంటే ఆయన పేరే వినపడేది. ఒక రైల్వే స్టేషన్లో బాంబు పేలితే తొమ్మిది రోజుల్లో దోషుల్ని పట్టుకున్నాడని జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆ తరవాత ఒకే తెల్లవారుజామున నూట నలభై మందిని అరెస్టు చేయించాడు. వాళ్లలో చాలామంది రెండు మూడేళ్లు జైల్లో మగ్గి, ఏ నేరమూ రుజువు కాకుండా బయటికొచ్చారు. ఈయన గాలం వెయ్యడు, వల వేస్తాడు అని పత్రికలు తిట్టిపోశాయి. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతున్నాడు.

సాక్షి పేరు చక్రధర్. టొరంటోకి దగ్గరలోని కిచెనర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పదకొండేళ్ల కిందట ఫ్రాన్సులో చదువుకున్నాడు. అప్పుడు అతనితో ఒకే గదిలో ఉన్న యూనస్ ఇప్పుడు టెర్రరిజం కేసులో ఏడాదిగా పారిస్ జైల్లో ఉన్నాడు. చక్రధర్‌కి ఇంగ్లీషు బాగానే వచ్చు. అయినా మాట తడబడకుండా ఉంటుందని తన లాయరు చెబితే తెలుగు కోరుకున్నాడు.

టొరంటోలో పదకొండో అంతస్తు గది. కిటికీలు తెరుచుకునేవి కావు. కెనడా కోర్టు నియమించిన ఒక లాయరమ్మ విచారణ నడిపిస్తోంది. రూపవతి బైబిలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. సాక్షి "నేను" అంటే తనూ "నేను" అనాలి. సాక్షి తనతో విడిగా మాట్లాడితే ఆ సంగతి వెంటనే బయటపెట్టాలి.

వెర్నోల్ ఒక కాగితం తీశాడు. యూనస్ లాప్‌టాప్ నుంచి అప్పట్లో చక్రధర్ తన స్నేహితుడు పండుకు తెలుగులో పంపిన మెసేజ్ అది. "ఒరేయ్ పండూ, యూనస్ మందు తెచ్చి గదిలో పెట్టాడు. ఎవరికీ చెప్పకు."

పారిస్‌లో ఎవరో అందులోని మందును పేలుడు మందు అని రాసిపెట్టారు. రూపవతి ఉండబట్టలేక లేచింది.

"అయ్యా, దుబాసీగా ఒక మనవి. ఈ మాటకు ఔషధమనే అర్థం కూడా ఉంది. సారా అని కూడా."

"థాంక్స్ మేడమ్," అన్నాడు వెర్నోల్ మర్యాదగా. "యూనస్ కూడా తన జ్వరానికి తెచ్చుకున్న మందనే అంటున్నాడు. కానీ ఆ వారం అతనికి జ్వరం లేదు. రోజూ క్లాసుకు వెళ్లాడు." చక్రధర్ వైపు తిరిగాడు. "ఏ మందు?"

చక్రధర్ మంచినీళ్లు అడిగాడు. లాయరమ్మ పది నిమిషాలు విరామం ఇచ్చింది.

వరండాలో అతను రూపవతి దగ్గరికి వచ్చేశాడు. "ఆంటీ, ఒక్క మాట."

"వద్దు బాబూ. నువ్వు నాతో మాట్టాడకూడదు."

అతను ఆగలేదు. "జ్వరం నాకు ఆంటీ. అప్పుడు నాకు ఇన్సూరెన్స్ లేదు. యూనస్ తన హెల్త్ కార్డు మీద నాకు మందులు తెచ్చిండు. అందుకే ఎవరికీ చెప్పకన్న. ఇప్పుడు చెప్తే ఫ్రాడ్ అంటరు. మూడు వారాల్లో సిటిజెన్‌షిప్ ఓత్ ఉంది. నా భార్య స్నేహకి ఏడో నెల. గుర్తులేదంటే సరిపోతది కదా?"

ఆమె లోపలికి వెళ్లి కూర్చుంది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

"ఏ మందు?" మళ్లీ అడిగాడు వెర్నోల్.

"నాకు గుర్తులేదు."

"నాకు గుర్తులేదు," అంది రూపవతి ఫ్రెంచిలో.

ప్రశ్న ఎటు తిప్పి వేసినా అదే జవాబు. తొమ్మిదిసార్లు ఆ మాట ఆమె గొంతులోంచి వచ్చింది. ఎదురుగా ఉన్న పిల్లాడు, కడుపుతో ఉన్న అతని భార్య. అక్కడెక్కడో తను ఎన్నడూ చూడని ఒక మనిషి, పక్కవాడి జ్వరానికి మందుల షాపుకు వెళ్లొచ్చినవాడు. నోరు విప్పితే ఒకడు మునుగుతాడు, విప్పకపోతే ఇంకొకడు. లేచి బయటికి పోదామన్నా తను లేకపోతే విచారణే లేదు.

గంట తరవాత లాయరమ్మ ఒక పత్రం ఆమె ముందు పెట్టింది. ఉన్నది ఉన్నట్టు అనువదించానని, సాక్షి తనతో విడిగా మాట్లాడలేదని అందులో ఉంది. రూపవతి పెన్ను తీసుకుంది. మళ్లీ కింద పెట్టేసింది.

"సంతకం పెట్టలేను," అంది చివరికి. "విరామంలో ఆయన నాతో మాట్లాడాడు."

"ఆంటీ!" అన్నాడు చక్రధర్.

అలవాటుకొద్దీ ఆ మాట కూడా ఫ్రెంచిలో చెప్పబోయి ఆమె ఆగిపోయింది.

చక్రధర్‌ని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టారు. ఈసారి దుబాసీ అక్కర్లేకుండా, వెర్నోల్‌కూ అర్థమయ్యే ఇంగ్లీషులోనే అంతా చెప్పాడు. ఒక్కసారి కూడా ఆమె వైపు చూడలేదు.

వెళ్లేముందు వెర్నోల్ కోటు తొడుక్కుంటూ ఆమె దగ్గర ఆగాడు.

"యూనస్‌ని వదిలేస్తారా?" అని అడిగింది.

"ఇది ఒక్క మాట మేడమ్. ఫైల్లో ఇలాంటివి ఇంకా నలభై ఉన్నాయి." ఆయన కోటు గుండీ పెట్టుకున్నాడు. "నేను పొరపాటున పట్టుకున్నవాళ్ల పేర్లు అందరికీ తెలుసు. పేలకుండా ఆగిన బాంబుల మాట ఎవరికి తెలుసు? వదిలేసినవాడు రేపు ఏదైనా చేస్తే? ఇరవై ఆరేళ్లుగా నేను ఒక్కణ్ని కూడా భయం లేకుండా వదల్లేదు."

ఏప్రిల్లో ఆయన రిటైరయ్యాడు. పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. యూనస్ పేరు ఎక్కడా లేదు. జూన్‌లో ఆ కుర్చీలోకొచ్చిన కొత్త జడ్జి ఆధారాలు చాలవని అతన్ని విడుదల చేసింది.

చక్రధర్ ఓత్ వాయిదా పడింది. అడిగినప్పుడల్లా రివ్యూలో ఉందంటున్నారు. పాప పుట్టాక స్నేహ ఒకసారి ఫోన్ చేసింది. "ఆయన ఇప్పుడు కాస్త నిద్రపోతున్నాడు ఆంటీ. మీ పేరెత్తితే మాత్రం లేచి వెళ్లిపోతాడు," అంది. బాగున్నారా అని మాత్రం అడగలేదు.

సంగతి ఆలస్యంగా బయటపెట్టినందుకు రూపవతి పేరును జాబితా నుంచి తీసేశారు. ఆమె అప్పీలు పెట్టుకుంది. ఆ గంటసేపు ఎందుకు ఊరుకున్నారో వివరించండి అని ఫారంలో ఒక గడి ఉంది. మూడు వారాలుగా దాన్ని ఖాళీగానే ఉంచింది.