సైరన్ మోగితే పైకే

సాయిదుర్గ పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా ఎక్కడికీ ఒంటరిగా వెళ్లలేదు. బందరులో పన్ను పీకించుకోవడానికి వెళ్తే తోడుగా తోటికోడలు వచ్చింది, ఆవిడకి తోడుగా వాళ్లమ్మ వచ్చింది, చివరికి డాక్టరు ముందు నోరు తెరిచింది ఒక్కరు, అందులోకి తొంగి చూసింది ముగ్గురు! గుడివాడలో పెళ్లంటే వ్యాను. విజయవాడలో మీటింగంటే అంగన్‌వాడీ టీచర్లందరూ కలిసి ఒకే బస్సు. ముప్పై ఏడేళ్లొచ్చినా కిటికీ పక్క సీటు దక్కలేదు, ఎందుకంటే ప్రతి ప్రయాణంలోనూ ఎవరో ఒకరికి వాంతి వచ్చేది.

అందుకే ఓడ. ఒక రోజు ఫోన్‌లో ఎవరో అమ్మాయి ఓడ మీద కాళ్లు చాపుకుని ఒక్కత్తే జ్యూస్ తాగుతున్న వీడియో చూసింది. పక్కన ఎవ్వరూ లేరు! సాయిదుర్గ ఆ వీడియోని నలభైసార్లు చూసింది, నలభై ఒకటోసారి టికెట్ బుక్ చేసేసింది. వైజాగ్ నుంచి చెన్నై, మూడు రాత్రులు, ఒక్క మనిషికి ఒక గది, గదికో గుండ్రటి కిటికీ.

కోడూరు మండలంలో వాళ్ల ఊరు సముద్రానికి ఎంత దగ్గరంటే దండెం మీద ఆరేసిన చీర నాకి చూస్తే ఉప్పగా ఉంటుంది. అయినా సరదాకి సముద్రం మీదికెళ్లిన మనిషి ఆ ఊళ్లో ఒక్కరు లేరు. భర్త ఏడుకొండలుకి రొయ్యల చెరువులున్నాయి, పొద్దస్తమానం నీళ్లలోనే ఉంటాడు, కానీ హంసలదీవిలో అల పాదం తాకితే చాలు వెనక్కి గెంతుతాడు.

"ఒక్కదానివా?" అన్నాడు.

"ఒక్కదాన్నే."

"సముద్రం మీదా?"

"ఓడ అక్కడే కదండీ నడుస్తుంది!"

మూడు రోజులు అలిగి, నాలుగో రోజు ఒక్క షరతు మీద దిగొచ్చాడు. వైజాగ్ దాకా తనే వచ్చి దిగబెడతాడు, ఓడ మెట్లు తీసేదాకా గేటు బయటే నిలబడతాడు. ఈలోపు చిన్న తేడా కనపడినా సాయిదుర్గ దిగి వచ్చేయాలి. మళ్లీ ఈ ఊసెత్తకూడదు. ఆవిడ చేతిలో చెయ్యేసి మాటిచ్చింది.

తీరా పోర్టు గేటు దగ్గర అతని జేబులోంచి రెండు రైలు టికెట్లు తొంగి చూశాయి. వైజాగ్ టు గుడివాడ, ఆ సాయంత్రానికే.

"రెండెందుకండీ?"

"ఉండనీ. పోయేదేముంది."

సాయిదుర్గకి ఒళ్లు మండింది, కానీ ఎదురుగా పదకొండంతస్తుల తెల్లటి ఓడ కనపడుతుంటే ఎంతసేపని మండుతుంది?

లోపల తనిఖీలో సెక్యూరిటీ వాళ్లు ఆవిడ సంచిలోవి ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పేర్చారు. అటుకులు, బెల్లం, టార్చి, నైలాను తాడు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఆధార్ కార్డు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె. దివిసీమలో తుఫానుకి సర్దుకునే సంచి అది. సముద్రం అనగానే చేతులు వాటంతటవే సర్దేశాయి. కొవ్వొత్తులూ అగ్గిపెట్టే తీసుకుని మిగతావి వదిలేశారు.

తాళంగా ఇచ్చిన కార్డుతో గది తలుపు తీసి, దాన్నే గోడకున్న డబ్బాలో పెట్టి, లైట్లేసి వెళ్లిపోయాడు ఓడ కుర్రాడు. అంతే! సాయిదుర్గ మంచం మీద మూడుసార్లు ఎగిరింది. బుల్లి షాంపూ సీసాలు లెక్కపెట్టింది. తువ్వాలుని హంసలా మడిచి పెట్టారు, దానికి నమస్కారం పెట్టింది. కిటికీకి ముక్కు ఆనించి "అబ్బ" అంది. భర్తకి ఫోన్ చేసి "ఏవండీ, బాత్రూములో ఫోనుందండీ!" అని అరుస్తుంటే పైన మైకులో ఎవరో ఇంగ్లీషులో, హిందీలో ఏదో చెప్పారు. ఆవిడ వినలేదు.

ఫోన్ పెట్టేసిన నిమిషానికి సైరన్ మోగింది. ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత.

సాయిదుర్గ బుర్ర ఓడలోంచి ఊళ్లోకి దూకేసింది. పన్నెండేళ్లుగా సైరన్ మోగితే ముసలమ్మల్నీ పిల్లల్నీ తోలుకుని తుఫాను షెల్టర్ మేడెక్కించేది ఆవిడే. సంచి భుజానికేసింది. కార్డు పోగొట్టుకోకూడదని డబ్బాలోంచి లాగింది. టప్పున గది చీకటైంది.

"కరెంటూ తీసేశారు!" అంటూ బయటికి ఉరికింది. వరండాలో లైట్లు వెలుగుతున్నాయి. జనరేటరేశారు, పర్లేదు అనుకుంది.

వరండాలో ఎటెళ్లాలో తెలీక దిక్కులు చూస్తున్నారు జనం. నలుగురు గుజరాతీ ఆంటీలు, ఒక బెంగాలీ తాతగారూ మామ్మగారూ, కొత్త జంట, ఒక తల్లీ తండ్రీ, వాళ్ల పిల్ల. ఒక్కరికీ తెలుగు రాదు. అయితే ఏంటట!

"రండి రండి! చేతులు పట్టుకోండి! లిఫ్టొద్దు, మెట్లే! తాతగారూ, మెల్లిగా! ఓ పెళ్లికూతురా, సెల్ఫీలు తర్వాత!"

ఆ గొంతుకి ఊరే కదిలేది, వాళ్లెంత? ఆరంతస్తులు ఎక్కించేసింది. పైన ఎండ ఫెళ్లున కాస్తోంది. స్విమ్మింగ్ పూల్లో నీళ్లు నీలంగా, నిశ్చలంగా ఉన్నాయి. ఒకతను గ్లాసులు తుడుచుకుంటూ వీళ్లని వింతగా చూశాడు. సాయిదుర్గ తలలు లెక్కపెట్టింది. పదకొండు. అందరికీ తలో గుప్పెడు అటుకులు పోసింది.

అప్పుడొచ్చింది తెల్ల యూనిఫాంలో ఒకమ్మాయి, రొప్పుతూ. పేరు కృపాకుమారి, సొంతూరు భీమిలి.

"అమ్మా, ఇది డ్రిల్లండీ! ప్రాక్టీసు! ఓడ ఇంకా కదల్నే లేదు!"

"మరి... కరెంటు?"

కృపాకుమారి ఆవిడ చేతిలో కార్డు చూసింది. పెదవి కొరుక్కుంది, నవ్వాపుకోవడానికి. "అది తీస్తే లైట్లారిపోతాయండీ. పెడితే వెలుగుతాయి. అయినా ఓడలో పైకి రాకూడదమ్మా, ప్రమాదమొస్తే ఎక్కే పడవలుండేది నాలుగో అంతస్తులో. మీరు పన్నెండు మంది కనపడక ఓడ మొత్తాన్నీ నిలబెట్టేశాం. మళ్లీ చెయ్యాలి."

ఓడ మొత్తం! సాయిదుర్గకి ఆ పూల్లో మునిగి అలాగే ఉండిపోవాలనిపించింది. సరిగ్గా అప్పుడే ఫోన్.

"సైరనేంటే? గేటు దాకా వినపడింది! దిగు! మాటిచ్చావ్!"

"ఏవండీ, అది..." అబద్ధం ఆడొచ్చు. కానీ చేతిలో చెయ్యేసి ఇచ్చిన మాట. "తేడా వచ్చిన మాట నిజమేనండీ. కానీ ఓడలో కాదు, తేడా నేనే చేశాను." జరిగిందంతా చెప్పింది.

"చూశావా! ఒక్కదానివే వెళ్తే ఇట్టాగే ఉంటది! నేను చెప్తే విన్నావా? ఉండు, అమ్మతో చెప్పిస్తా," అని అత్తగారు రాజకుమారిని లైన్లోకి లాగాడు.

డెబ్భై రెండేళ్ల ఆవిడ అంతా విని, కోడల్నే అడిగింది. "ఎంతమందిని ఎక్కించావే?"

"పదకొండు మందినత్తయ్యా."

"ఎవర్నీ వదల్లేదుగా?"

"లేదత్తయ్యా."

"డెబ్భై ఏడు ఉప్పెన రోజు మా వీధికి నీలాంటిదొక్కత్తి ఉండుంటేనా..." అంది ఆవిడ. వెంటనే కొడుకు మీదికి తిరిగి, "ఒరే కొండలూ! రైలుకి టైమైందిగా, నువ్వెళ్లి ఎక్కు. అది రాదు."

"అమ్మా!"

"ఎక్కరా!"

కృపాకుమారి వాచీ చూసుకుంది. "దిగుతారా అమ్మా? ఇంకో అరగంటలో మెట్లు తీసేస్తారు."

సాయిదుర్గ కొంగు బిగించింది. "ఆ సైరనేదో మళ్లీ మోగించండమ్మా. ఈసారి వీళ్లని కిందికే తెస్తాను."

రెండోసారి అందరికంటే ముందు నాలుగో అంతస్తు చేరింది ఆ పదకొండు మందే, చేతులు పట్టుకుని, వరసలో, నోట్లో అటుకులతో. ఓడ మొత్తం చప్పట్లు కొట్టింది.

ఓడ కదిలేటప్పుడు ఏడుకొండలు నుంచి ఫొటో వచ్చింది. రైల్లో కిటికీ పక్క సీటు, అందులో దర్జాగా కూర్చున్న అతని చేతిసంచి. కింద రాశాడు: "నీ సీటు ఖాళీగా ఉంది. కిటికీదే తీసుకున్నా."

సాయిదుర్గకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. తన గుండ్రటి కిటికీ ఫొటో తీసి, "నాదీ కిటికీయేనండీ," అని పంపింది. రెండు టిక్కులు పడ్డాక సిగ్నల్ పోయింది.

అంతలో తలుపు దబదబ. "దుర్గా బెన్! దుర్గా బెన్! ఢోక్లా లాయే హై! హమారే సాథ్ బైఠో!" ఢోక్లా తెచ్చాం, వచ్చి మాతో కూర్చోమంటూ నలుగురు గుజరాతీ ఆంటీలూ, వెనకాల బెంగాలీ మామ్మగారి గొంతూ!

సాయిదుర్గ పిల్లిలా లేచింది. గోడకున్న డబ్బాలోంచి కార్డు మెల్లిగా లాగింది. లైట్లారిపోయాయి. ఊపిరి బిగబట్టి నిలబడింది.

"సో గయీ బేచారీ," అంటూ, పాపం నిద్రపోయిందనుకుని అడుగులు దూరమయ్యాయి.

కిటికీలో సముద్రం నారింజ రంగులో ఊగుతోంది. సాయిదుర్గ కాళ్లు చాపుకుని దాని పక్కన కూర్చుంది. పక్కన ఎవ్వరూ లేరు!