రాహేలమ్మ కాళ్ళు

క్రిస్టినా మోకాళ్ళ ఎక్స్‌రేలను కడపలో ఎముకల డాక్టరు వెలుతురుకు పట్టి చూసి, ఎముకలకు వచ్చిన ముప్పేమీ లేదన్నాడు. తర్వాత చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తమని చీలమండల దగ్గర చాలాసేపు చూశాడు. పిక్కలు బానల్లా ఉన్నాయి. పాదాలు మాత్రం సన్నగా, ఇంకెవరివో తెచ్చి అతికించినట్టున్నాయి. ఆయన చీటీ మీద ఒక పేరు రాసిచ్చి, కర్నూలులో శివలీల అని ప్లాస్టిక్ సర్జన్ ఉంది, ఒకసారి చూపించుకోమ్మా అన్నాడు.

క్రిస్టినాకు నలభై నాలుగేళ్ళు. బద్వేలు దగ్గర తాను పుట్టిన పల్లెలోనే అంగన్‌వాడీ టీచరు. ప్లాస్టిక్ సర్జన్ అంటే ముక్కులు సరిచేసే డాక్టరనే ఆమెకు ఎరిక. తనకూ ఆ డాక్టరుకూ ఏం సంబంధమని భర్త యేసుప్రసాద్ దగ్గర గొణుగుతూనే, మరుసటి వారం మైదుకూరు మీదుగా కర్నూలు బస్సెక్కింది.

శివలీల యాభై ఏళ్ళావిడ, ఆదోని వైపు మనిషి. చీటీ చదివి, మంచం మీద కూర్చోబెట్టి, పిక్క మీద రెండు వేళ్ళతో మెల్లగా నొక్కింది. క్రిస్టినా పళ్ళు బిగించి కాలు వెనక్కి లాక్కుంది.

"ఇంతమాత్రానికే నొప్పా?"

"శానా నొప్పి మేడమ్. పిల్లోల్లు వచ్చి కాళ్ళను పట్టుకున్నా తట్టుకోలేను."

మంచం కోడు తగిలినా నల్లగా కమిలిపోతుందా అని అడిగింది డాక్టరు. కమిలిపోతుంది. నడుం పైన ఒళ్ళు చిక్కినా కాళ్ళు చిక్కవా అని అడిగింది. చిక్కవు. పెద్దమనిషైనప్పటి నుంచేనా? అప్పటి నుంచే, రెండో కాన్పు తర్వాత మరీ ఎక్కువైంది. అన్నీ రాసుకుని, చివరికి కలం పక్కన పెట్టి అడిగింది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లాంటి కాళ్ళు ఉండేవా అమ్మా?"

"మాయమ్మకు ఉండె," అంది క్రిస్టినా. పదకొండేళ్ళ కిందట పోయిన తల్లి ఒక్కసారిగా ఆ గదిలోకి వచ్చి నిలబడినట్టయింది.

రాహేలమ్మను ఊరంతా బోదకాళ్ళ రాహేలు అనేవాళ్ళు. ఆరోగ్య శాఖ వాళ్ళు రెండుసార్లు వచ్చి రక్తం తీసుకుపోయారు. బోద పురుగు లేదని రెండుసార్లూ చెప్పారు. ఊరు ఆ మాట వినిపించుకోలేదు. శెనక్కాయలు పీకే కూలికి పోతే ఆమె సాలు అందరికంటే వెనక పడేది. ఒళ్ళు బరువైన మనిషి, తిండి తగ్గించుకోకూడదా అని మేస్త్రీ నుంచి పాస్టరమ్మ దాకా అందరూ అన్నవాళ్ళే. ఆమె ఎవరికీ ఎదురు చెప్పేది కాదు. ఏటా శ్రమదినాల్లో నలభై రోజులూ ఒంటిపూట భోజనం చేసేది. ఈస్టరు నాటికి బుగ్గలు లోపలికి పోయి, రవిక వదులైపోయి, మెడ ఎముకలు బయటికొచ్చేవి. కాళ్ళు మాత్రం అట్లాగే ఉండేవి. చాటుగా తింటాందిలే అని ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆ మాట ఎనిమిదేళ్ళ క్రిస్టినా చెవిన కూడా పడింది.

ఆ పిల్ల మనసులో ఇంకో ముల్లు కూడా ఉండేది. ఆదివారం గుళ్ళో చాపల మీద కూర్చున్నప్పుడు పిల్లలందరూ వాళ్ళ వాళ్ళ అమ్మల ఒళ్ళోకి ఎక్కేవాళ్ళు. క్రిస్టినా ఎక్కబోతే రాహేలమ్మ రెండు చేతులతో పట్టి దించేసేది. పక్కన కూచో పో, అనేది. కోపంగా కాదు గానీ, త్వరగా, వేడి గిన్నె దించినట్టు దించేసేది. తానంటే అమ్మకు ఇష్టం లేదని ఆ పిల్ల అనుకుంది. అనుకున్నది ఎవరికీ చెప్పలేదు. పెద్దయ్యాక మరిచిపోయాననుకుంది. తల్లి కిడ్నీలు పాడై మంచం పట్టినప్పుడు సేవ అంతా తనే చేసింది గానీ, ఆ సేవలోనూ ఒక మూల ఆ చిన్నపిల్ల అలిగే కూర్చుని ఉంది.

శివలీల తొందరపెట్టలేదు. నీళ్ళిచ్చి, తర్వాత నిదానంగా చెప్పింది. దీన్ని లిపిడీమా అంటారు. ఎక్కువగా ఆడవాళ్ళకే వస్తుంది, చాలా ఇళ్ళల్లో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. ఇది తిండి వల్ల పెరిగే కొవ్వు కాదు, పస్తులకు తగ్గేదీ కాదు. నొప్పి పుట్టించే కొవ్వు.

"అంటే మాయమ్మ..." అంది క్రిస్టినా.

"ఆయమ్మ తప్పు ఏమీ లేదు. నీదీ లేదు," అంది శివలీల.

లైపోసక్షన్ అనే మాట క్రిస్టినా టీవీలో విని ఉంది. సినిమావాళ్ళు నడుం సన్నం చేసుకునే పని అనుకునేది. డాక్టరు ఆ భ్రమలు మొదటిరోజే తీసేసింది. ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదు, సన్నటి కాళ్ళు వస్తాయని ఎదురుచూడొద్దు. జబ్బు పూర్తిగా పోతుందని కూడా నేను మాటివ్వను. నొప్పి తగ్గుతుంది, నడక తేలికవుతుంది, అంతే. ఒకేసారి ఎక్కువ తీస్తే ప్రాణానికి ప్రమాదం కాబట్టి రెండు విడతలుగా చేస్తాం. మొదట పిక్కలు, ఆరు నెలలకు తొడలు. ఇంటికిపోయి ఆలోచించుకొని రా అని పంపింది.

క్రిస్టినా నెల రోజులు ఆలోచించుకుంది. ఫిబ్రవరిలో ఆపరేషనుకు వచ్చి చేరింది.

ఆపరేషన్ ముందు ఆమెను నిలబెట్టి, పడుకుంటే కొవ్వు జరిగిపోతుందని చెప్పి, పిక్కల మీద నల్ల పెన్నుతో గీతలు గీశారు. నాలుగైదు చిన్న రంధ్రాలు పెట్టి, మత్తు కలిపిన ఉప్పునీళ్ళు లోపలికి నింపి, సన్నటి గొట్టంతో కొవ్వు లాగారు. క్రిస్టినాకు అదేమీ తెలియదు. లేచేసరికి రెండు కాళ్ళూ మోకాళ్ళ పైదాకా బిగుతు మేజోళ్ళలో ఉన్నాయి. కింద పరిచిన గుడ్డలు లేత ఎర్రనీళ్ళతో తడిసి ఉన్నాయి. యేసుప్రసాద్ ముఖం పాలిపోయింది. లోపల నింపిన నీళ్ళే బయటికొస్తున్నాయని, రెండు రోజులు అట్లాగే కారుతాయని నర్సు చెప్పాక గాని అతను కూర్చోలేదు. సాయంత్రానికే ఆమెను లేపి వరండాలో నడిపించారు. నడవకపోతే రక్తం గడ్డకడుతుందన్నారు. ఆయాసం వచ్చినా, ఒక్క కాలే ఉబ్బినా, జ్వరం తగిలినా ఆ గంటలోనే రావాలని యేసుప్రసాద్‌కు రెండుసార్లు చెప్పి పంపారు.

ఆసుపత్రి వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని పది రోజులు ఉన్నారు. మొదటి నాలుగు రోజులు క్రిస్టినా ఓర్చుకుంది. కాళ్ళు వంకాయ రంగుకు తిరిగాయి, తర్వాత పచ్చబడ్డాయి. కొన్నిచోట్ల గిల్లినా తెలియదు, కొన్నిచోట్ల చీమలు పాకినట్టు దురద. మేజోళ్ళు ఆరు వారాలు వేసుకోవాలి, మొదటి మూడు వారాలు స్నానానికి తప్ప తీయకూడదు. ఎనిమిదో రోజు స్నానానికి తీసి చూసుకుంటే కాళ్ళు మునుపటికంటే లావుగా కనిపించాయి. వాపు మూడు నెలలుంటుంది, ఆరు నెలలైనా పట్టొచ్చు, రెండో వారం మనసు దిగులు పడుతుంది, దానికి భయపడొద్దు అని శివలీల ముందే చెప్పింది. తెలిసి కూడా క్రిస్టినా గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది. ఏమవుతాందని యేసుప్రసాద్ అడిగితే, ఏమీ లేదంది.

ఆ మధ్యాహ్నమే అన్న వచ్చాడు. ఏసేపు తుమ్మలపల్లె గనిలో పని చేస్తాడు. చెల్లెలికంటే ఆరేళ్ళు పెద్ద, మాట తక్కువ మనిషి. సెలవు పెట్టుకుని, భార్య చేసిచ్చిన జొన్నరొట్టెలూ శెనక్కాయల పొడీ పట్టుకుని వచ్చాడు. చెల్లెలి కాళ్ళు చూసి చూపు తిప్పుకున్నాడు. తిన్నారు. యేసుప్రసాద్ మందులకని బయటికి పోయాడు.

డాక్టరు చెప్పిందంతా క్రిస్టినా అన్నకు చెప్పింది. అమ్మ పస్తులన్నీ దండగేనని, అది ఆమె చేతుల్లో లేని జబ్బని చెప్పింది. ఏసేపు తల వంచుకుని విన్నాడు. చిన్నప్పుడు తోటి పిల్లలు బోదకాళ్ళదాని కొడుకని ఎగతాళి చేస్తే, తానూ అమ్మ మీద విసుక్కున్న రోజులున్నాయని మెల్లగా ఒప్పుకున్నాడు. అప్పుడు క్రిస్టినా ముప్పై ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"నన్నొక్కరోజన్నా ఒళ్ళో కూచోబెట్టుకోలేదన్నా. నేనంటే ఇష్టం లేదేమో అనుకుంటాంటి. ఆమెకు నొప్పని ఈ కాళ్ళు నాకొచ్చినాక కూడా తట్టలేదు."

ఏసేపు తలెత్తి చూశాడు.

"కూచోబెట్టుకోలేదా? ప్రతి ఆదివారం నువ్వు పండుకునింది యాడ అనుకుంటాండావు?"

ఆమెకు అర్థం కాలేదు.

"అయ్యగారి ప్రసంగం మొదలైతానే నువ్వు నిద్రపోతాంటివి అమ్మీ. నువ్వు నిద్రపోయినాక ఎత్తుకొని ఒళ్ళో పండబెట్టుకునేది. మెలకువగా ఉంటే నువ్వు ఊరికే కాళ్ళు కొట్టుకుంటావు. నిద్రలో కదలవు కదా. ఆఖరి పాట దాకా అట్లే కూచునేది. నేను తీసుకుంటాలే మా అంటే ఉండనీరా అనేది." అతను ఆగి, చెయ్యి ముఖం మీద రుద్దుకున్నాడు. "పెదవి కొరుక్కుంటా కూచునేది. ఎందుకో నాకప్పుడు తెల్దు. పాటకు అందరూ లేచేటప్పుడు నిన్ను చాప మీద పెట్టి తట్టి లేపేది."

క్రిస్టినా గుర్తు తెచ్చుకోవాలని చూసింది. గుళ్ళో సున్నం వాసన గుర్తొచ్చింది, కిటికీలోంచి పడే ఎండ గుర్తొచ్చింది, చెంప మీద నూలు చీర గరుకు కూడా లీలగా తెలిసినట్టనిపించింది. అది నిజంగా గుర్తో, అన్న చెప్పాక మనసు అల్లుకున్నదో ఆమె తేల్చుకోలేకపోయింది. తేల్చుకోవాలనీ అనిపించలేదు. అన్న వెళ్ళేదాకా అవే మాటలు మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. ఎంతసేపు పండుకునేదాన్ని, అమ్మ ఏ చీర కట్టుకునేది, తల మీద చెయ్యి వేసేదా. ఏసేపు విసుక్కోకుండా, తెలిసింది చెప్పాడు, తెలియనిది తెలియదన్నాడు.

మార్చి ఎండలు ఆ బిగుతు మేజోళ్ళతోనే గడిచాయి. కాళ్ళంతా చెమటకాయలు పేలాయి. మూడో వారం నుంచి అంగన్‌వాడీకి పోయింది గానీ, గుడ్ల అట్టలు, బియ్యం మూటలు ఆయా చేత ఎత్తించింది. జూన్‌లో ఒక పొద్దున మెట్లు దిగుతూ, రెయిలింగు పట్టుకోలేదని తనకు తానే గమనించుకుంది. ఆగస్టులో తొడలకు రెండో ఆపరేషన్ అయింది. ఈసారి ఎర్రనీళ్ళకు యేసుప్రసాద్ భయపడలేదు, రెండో వారం దిగులుకు ఆమె భయపడలేదు. ఎడమ పిక్క మీద అరచేయంత మేర స్పర్శ ఇంకా తిరిగి రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు అని శివలీల ఉన్నదున్నట్టే చెప్పింది. కాళ్ళు సన్నబడలేదు, ఇప్పటికీ లావే. కానీ అంగన్‌వాడీ పిల్లలు వచ్చి కాళ్ళకు అల్లుకుపోతే ఊపిరి బిగబట్టాల్సిన పని లేదు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం గుడి ఆడవాళ్ళు ప్రార్థనకని పక్క పల్లెకు నడిచి బయల్దేరారు. రెండు కిలోమీటర్ల దారి. ఎప్పుడూ ఆటోలో వెళ్ళే క్రిస్టినా ఆ రోజు వాళ్ళతో కలిసి నడిచింది. కూతురింటికి పోతున్న తిమ్మమ్మ అనే ముసలామె దారిలో కలిసింది. రాహేలమ్మతో పాటు చేన్లకు కూలికి పోయిన మనిషి. కొంతదూరం పోయాక ఆమె వెనక నుంచి పిలిచింది.

"నిదానంగా పోమ్మే, నన్ను ఇడిచిపెట్టి పోతాండావు. మీయమ్మా ఇంతే. కొత్తగా కాపరానికొచ్చినప్పుడు అందరికంటే ముందుండేది. మేం పరిగెత్తినా అందకపోతాంటిమి."

అమ్మ ముందు నడిచిన రోజులు ఉంటాయని క్రిస్టినాకు ఎన్నడూ తోచలేదు. తాను పుట్టకముందు, ఆ కాళ్ళు ఆమెను పట్టుకోకముందు, ఒక పడుచుపిల్ల ఈ ఎర్రమట్టి దారిలో తోటివాళ్ళను వెనకేసి పోయింది. ఆమె ఆగి, ముసలామె దగ్గరికొచ్చేదాకా నిలబడింది.

"యాడ చేన్లకు పోతాంటిరి అవ్వా?" అని అడిగింది.

తిమ్మమ్మ చెయ్యెత్తి పడమటి వైపు చూపించి చెప్పడం మొదలుపెట్టింది. గుడి ఆడవాళ్ళు ముందు సాగిపోయారు. వీళ్ళిద్దరూ మెల్లగా, మాటల్లో పడి, వెనక నడిచారు.