డైరెక్టరుగారి బట్టతల మీద మంచు

“నా నెత్తిమీద ఈ తెల్లమచ్చ కరిగిన రోజున నీ ఉద్యోగం పర్మనెంట్. ఇది నా మాట!” అన్నారు డైరెక్టరుగారు డాక్టరమ్మతో, ఆఫీసు టీ పార్టీలో, అందరి ముందూ. చప్పట్లు కూడా కొట్టించుకున్నారు.

సూర్యుడి వెలుగు సరిగా అందనంత దూరాన తిరిగే ఒక మరుగుజ్జు గ్రహం మీద రుతువులు ఎలా మారితే, ఆయన బట్టతల మీదా అలాగే మారతాయి. అక్కడ మంచు పడితే ఇక్కడా తెల్లబడుతుంది. అక్కడ ఆవిరైతే ఇక్కడ ఇటుకరంగు నేల తేలుతుంది. ఆయన డైరెక్టరుగా ఉన్న వేధశాలలో టెలిస్కోపు పాడై ఏళ్లయినా ఎవరూ బాగుచేయించనిది అందుకే.

రోజూ పొద్దున ఆయన పేపరు చదువుకుంటుంటే, కాంట్రాక్టు డాక్టరమ్మ వెనక నిలబడి, భూతద్దం పెట్టి మచ్చ కొలుస్తుంది. మందుల డాక్టరు కాదు. ఆకాశం చదివి పట్టా తెచ్చుకున్న మనిషి. ఏటికేడాది ఆయన సంతకం పెడితేనే ఆమెకి మరో ఏడాది బతుకు. శ్రమ ఆమెది, పరిశోధన పత్రాల మీద పేరు ఆయనది. దోపిడీకి తల ఉంటుందంటారు. ఇక్కడ దానికి జుట్టు లేదు, అంతే.

“తల కాస్త వంచండి సార్.”

“నేనెవరికీ తల వంచనమ్మా.”

“అయితే కుర్చీ దించుతాను సార్.”

ఆ మార్చిలో ఒక శుక్రవారానికి మచ్చ పెసరగింజంత మిగిలింది. సోమవారం డైరెక్టరుగారు వచ్చేసరికి అరచేయంత ఉంది. డాక్టరమ్మ వంగి చూసి, తుమ్మింది. తెల్లగా దుమ్ము లేచింది.

“ఇది పౌడరు సార్.”

“మంచే. ఈసారి జోరుగా పడింది.”

“గులాబీ వాసనేస్తోంది.”

“అంత దూరపు గ్రహం. ఏం వాసనేస్తుందో నువ్వు వెళ్లి చూశావా?”

ఎండ తగిలే వైపు ఆవిరైన మంచు మాయమైపోదు. చలి పట్టిన వైపు చేరి గడ్డకడుతుంది. తన పేరుతో అచ్చయిన పత్రాలు ఒక్కటైనా చదివుంటే ఆయనకీ సంగతి తెలిసేది. పాపం, పాత మచ్చకే పౌడరు కొట్టుకున్నారు. అద్దంలో కనబడని వెనకవైపు, మెడకి పైన, అసలు మంచు దట్టంగా పేరుకుని మెరుస్తోంది. ఆ గ్రహం మీద ఒక రుతువంటే ఇక్కడ ఒక మనిషి ఆయుష్షు. అది ఆయన బతికుండగా కరిగేది కాదు, దాని మీద గీసిన గీత చెరిగేదీ కాదు.

డాక్టరమ్మ భూతద్దం పక్కన పెట్టింది. పెన్ను మూతతో ఆ మంచు మీద నెమ్మదిగా రాయడం మొదలుపెట్టింది.

“ఏం చేస్తున్నావమ్మా, చక్కిలిగిలి?”

“నా పనే సార్.”

సాయంత్రానికి ఆఫీసంతా ఆయన వెనకే నడవడానికి పోటీపడింది. ఇంట్లో భార్య చూసి, చీరకొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది. ఆయన రుమాలుతో తుడుచుకున్నారు. వేణ్నీళ్లు పోసుకున్నారు. టోపీ పెట్టుకుందామంటే, ఏప్రిల్ ఒకటిన దేశదేశాల శాస్త్రవేత్తలు ఆ తలని ఫొటో తీయడానికే వస్తున్నారు. మర్నాడు దారిలో కారాపించి, తల వంచి, డ్రైవరుకి చూపించారు.

“ఏం రాసిందిరా?”

“చదివితే నా ఉద్యోగం పోదు గదా సార్?”

“చదువు!”

డ్రైవరు గొంతు సవరించుకుని, వీధంతా వినబడేలా చదివాడు:

“మచ్చ కరిగింది. మాట ఏమైంది? మార్చి 31 లోగా జవాబు కావాలి.”