వెన్న కాగితం

నలభై ఏళ్ళు బేకరీలో పనిచేసిన మనిషిని పట్టుకుని, "ఇందులో ఏం వేశారు?" అని అడిగితే ఒళ్ళు మండదూ? మండుతుంది. అయినా మాస్టరమ్మ నోరు మెదపలేదు. రెండేళ్ళుగా మెదపడం లేదు.

పేటంతా ఆమెను మాస్టరమ్మ అనే పిలుస్తుంది. పిండి కలిపే పనితో మొదలుపెట్టి, పదిమంది మగవాళ్ళ చేత పని చేయించే దాకా ఎదిగిన మనిషి. ఆమె చేతి బన్ను కోసం జనం వరస కట్టేవారు. వెన్నతో పెట్టిన విద్య అంటారే, ఆమె విషయంలో అది అక్షరాలా నిజం. అలాంటి మనిషి మనవరాలికి పాలు పడవు! చుక్క పాలు గానీ, కాస్త వెన్న గానీ కడుపులోకి వెళ్ళిందా, పెదవులు వాచిపోయి ఊపిరాడదు. దేవుడికి వేళాకోళం కాకపోతే మరేమిటి?

మొదట్లో మాస్టరమ్మ నమ్మలేదు. "మేమంతా పాలు తాగి పెరగలేదూ? ఈ కాలం పిల్లలకి అన్నీ రోగాలే" అని మూతి తిప్పింది. ఒక మధ్యాహ్నం కోడలు ఆఫీసుకు వెళ్ళినప్పుడు, తను చేసిన వెన్న బిస్కెట్టు ఒకటి పిల్ల నోట్లో పెట్టింది. ఒక్కదానికే ఏమవుతుందిలే అనుకుంది. గంట తిరక్కుండా అందరూ ఆస్పత్రిలో ఉన్నారు. "ఏం తినిపించారు?" అని డాక్టరు అడిగితే, కోడలి ముందే "ఏమీ పెట్టలేదండీ" అనేసింది. అరగంట గడిచాక గానీ నిజం బయటికి రాలేదు.

పిల్ల బతికి బట్టకట్టింది. కోడలు అత్తగారిని పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే ఇద్దరూ ఏడ్చేసి, మనసులు కడిగేసుకుని ఉండేవారు. ఆ రోజు నుంచి పిల్ల డబ్బా కోడలే సర్దేది. అత్తగారు ఏం చేసినా, "ఏం వేశారత్తయ్యా?" అని మెత్తగా అడిగేది. ఆ మెత్తదనమే మాస్టరమ్మ గుండెలో ముల్లయి కూర్చుంది.

అయితే మాస్టరమ్మ ఓడిపోయి మూల కూర్చునే రకం కాదు. వెన్న లేకుండా, పాలు లేకుండా ఎందుకు రాదో చూద్దామని పంతం పట్టింది. మొదటి కేకు చూసి కొడుకు, "అమ్మా, ఇలాంటివి ఇంకో వెయ్యి చెయ్యి, గోడ కట్టేద్దాం" అన్నాడు. నవ్వనీ! కొబ్బరిపాలలో చెంచాడు నిమ్మరసం పిండితే విరిగి మజ్జిగలా అవుతాయనీ, అది సోడాతో కలిస్తే పిండి పొంగుతుందనీ కనిపెట్టింది. బాగా మగ్గిన అరటిపండు మెదిపి కలిపితే వెన్న లేని లోటు తెలియదని కనిపెట్టింది. పిల్ల కోసం విడిగా గిన్నెలు, గరిటెలు, ట్రే కొనిపించింది. కేకు దూదిలా వచ్చిన రోజున, కొడుకు నోట్లో ఒక ముక్క కుక్కి, "ఇప్పుడు కట్టరా గోడ!" అంది.

పిల్లని అందరూ పిచ్చుక అంటారు. నోరు మూత పడదు, ఒకచోట నిలవదు. దాని బడిలో నెలకొకరు తరగతి మొత్తానికీ చిరుతిండి తీసుకెళ్ళాలి. రెండేళ్ళుగా ఆ పూట పిచ్చుక తన డబ్బాతో కిటికీ పక్క వేరే బెంచీ మీద కూర్చుంటోంది. ఇన్నాళ్ళకి దాని వంతు వచ్చింది. "నానమ్మా, ఈసారి నేను కూడా అందరితో కూర్చుంటాగా? అందరివీ, నావీ ఒకటేగా?" అని పదిరోజులుగా చెవిలో జోరీగలా పోరుతోంది.

"ఒకటేనే తల్లీ. నా చేత్తో చేస్తా."

కోడలు కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. "నేను పక్కనే ఉంటాను అత్తయ్యా" అంది. ఉండనీ, పరీక్షలో పక్కన మాస్టారు నిలబడితే భయపడేది చదవనివాడే.

ఆ ఉదయం వంటింట్లో మాస్టరమ్మ చేతులు చూడాలి! ఇరవైనాలుగు చిన్న కేకులకు కొలతలు నోటిలెక్కే. కోడలు కొబ్బరిపాల డబ్బా మీది అక్షరాలు రెండుసార్లు చదివి తల ఊపింది. కొడుకు గట్టు మీదే రొట్టెకు వెన్న రాసుకుని ఆఫీసు సంచి సర్దుకోవడానికి వెళ్ళాడు. పిచ్చుకకు జడలు వెయ్యడానికి కోడలు ఐదు నిమిషాలు పక్క గదిలోకి వెళ్ళింది. ఆమె తిరిగొచ్చేసరికి ట్రేలు ఓవెన్లో ఉన్నాయి.

కేకులు పొంగాయి. ఒక్కటి కూడా అంటుకోకుండా టపటపా ఊడి వచ్చాయి. "అబ్బ, ఎంత బాగా వచ్చాయత్తయ్యా!" అంది కోడలు. రెండేళ్ళలో ఆమె నోట అంత బారు మెచ్చుకోలు వినలేదు. మాస్టరమ్మ ఛాతీ పొంగింది. చల్లారిన కేకులు డబ్బాలో పేర్చి, చివరిదాన్ని వెలుతురులోకి ఎత్తి చూసుకుంది. అంచు చుట్టూ సన్నటి బంగారు రంగు.

ఆ రంగే ఆమెను ఆపేసింది. నూనె రాసిన ట్రేలో అంచుకు ఆ రంగు రాదు. నలభై ఏళ్ళు చూసిన కళ్ళవి. ఆ రంగు వెన్న ఇస్తుంది.

వంగి చెత్తబుట్టలో చూసింది. నాలుగు మడతలు పెట్టిన వెన్న కాగితం. అలా మడతపెట్టేది ఆ ఇంట్లో ఒక్కరే. బేకరీలో చేరిన ప్రతివాడికీ మొదటిరోజే చెప్పేది: "కాగితానికి అంటిన వెన్న పారేసేవాడు ఈ పనికి పనికిరాడు. దానితో ట్రే తుడువు." కొడుకు గట్టు మీద వదిలేసిన కాగితాన్ని, మనసు ఎక్కడో ఉండగా, చెయ్యి తీసుకుంది. ట్రేలు తుడిచింది. మడతపెట్టి పారేసింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు ఇందుకే కాబోలు.

ఎవరూ చూడలేదు. పిచ్చుక యూనిఫాంలో గుమ్మం దగ్గర గెంతుతోంది. అది కేకు తినకుండా చూసుకుంటే చాలదూ? ఏదో సాకు చెప్పి వేరేది ఇస్తే? అప్పుడు అది మళ్ళీ కిటికీ పక్క బెంచీకే. పైగా, మళ్ళీ ఒక అబద్ధం. మాస్టరమ్మకు ఆస్పత్రి గది, ఆ అరగంట కళ్ళ ముందు నిలిచాయి.

"అమ్మాయ్" అని పిలిచింది. "ఇవి పిల్లకి పెట్టొద్దు. ట్రేలకి వెన్న రాశాను. నేనే. చెయ్యి అలవాటులో రాసేసింది."

కోడలు కాగితాన్ని చూసింది, కేకుల్ని చూసింది, చివరికి అత్తగారి మొహాన్ని చూసింది. పిచ్చుక గెంతడం మానేసింది.

"నాకు తెలిసేది కాదు అత్తయ్యా" అంది చివరికి. "మీరు చెప్పకపోతే నాకసలు తెలిసేదే కాదు."

"అందుకే చెప్పాను."

కోడలు గోడ గడియారం వంక చూసింది. "ముప్పావు గంట ఉంది. నేను ఆలస్యంగా వస్తానని ఆఫీసుకి ఫోన్ చేస్తా. మళ్ళీ ఓవెన్ పెట్టే టైము లేదు, అది లేకుండా ఏం చెయ్యగలరు?"

ఏం చెయ్యగలరా? మాస్టరమ్మనా అడగడం! కొంగు బిగించింది. కోడలి చేత గట్టంతా సబ్బుతో కడిగించింది, ఇద్దరూ మోచేతుల దాకా చేతులు కడుక్కున్నారు. విడిగా దాచిన పిల్ల బాండీలో నువ్వులు చిటపటలాడాయి, ఓట్సు దోరగా వేగాయి. వేడినీళ్ళలో మెత్తబడ్డ ఖర్జూరాలు పిసికి, కోకో పొడి కలిపి, చేతికి కొబ్బరినూనె రాసుకుని అత్తాకోడళ్ళిద్దరూ ఉండలు చుట్టారు. కోడలి ఉండలు వంకరటింకరగా వస్తుంటే మాస్టరమ్మ, "అవి ఉండలా, గులకరాళ్ళా?" అంది. కోడలు ఫక్కున నవ్వింది. ఎండుకొబ్బరి పొడిలో దొర్లించేసరికి ఏది ఎవరిదో తెలియలేదు.

కేకులు కొడుకు ఎత్తుకుపోయాడు. "నాకు ఏ అలర్జీ లేదు. మా ఆఫీసులో ఎవరికీ లేదు" అన్నాడు, దొంగ వెధవ.

సాయంత్రం పిచ్చుక ఖాళీ డబ్బా ఊపుకుంటూ వచ్చింది. "నానమ్మా! నేను మధ్య బెంచీలో కూర్చున్నా! అటు ఇద్దరు, ఇటు ఇద్దరు! అందరూ ఇంకోటి ఇంకోటి అన్నారు. టీచరు ఎవరు చేశారే అంటే మా నానమ్మ పెద్ద మాస్టరు అని చెప్పా!" మాస్టరమ్మ దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. ఆ మాట పేటంతా వినాలని, మళ్ళీ గట్టిగా చెప్పించుకుంది.

మర్నాడు పొద్దున్నే అరటిపండు బిస్కెట్లు చేసింది. డబ్బా కోడలి ముందు పెట్టి, రోజూలాగే అప్పజెప్పడం మొదలుపెట్టింది. "ఓట్సు, అరటిపండు, కొబ్బరినూనె, ట్రేకి కూడా కొబ్బరినూనే..."

కోడలు చెప్పులు వేసుకుంటూ తలెత్తింది.

"నేనడగలేదుగా అత్తయ్యా" అంది. "నాకు బస్సుకి టైమైంది. దాని డబ్బా మీరే సర్దండి."

తలుపు మూసుకుంది. మాస్టరమ్మ చేతులు ఇంకోసారి కడుక్కుని, ఆరు బిస్కెట్లు లెక్కపెట్టి, డబ్బా మూత నొక్కి, రెండేళ్ళ తర్వాత మొదటిసారి తన చేత్తో పిచ్చుక సంచిలో పెట్టింది.