ఫొటో ముందు, మాట తర్వాత

నేను ఒక సెల్‌ఫోన్‌ను. ప్రస్తుతం అమలాపురంలో ఒక రిపేరు కొట్టు సొరుగులో, పాత చార్జర్ల మధ్య పడి ఉన్నాను. నన్ను తయారుచేసినవాళ్లు మోగడం, వణకడం, వెలగడం నేర్పారు. మనుషులను అర్థం చేసుకోవడం మాత్రం నేర్పలేదు. నా బతుకంతా ఆ అయోమయంలోనే గడిచింది.

నా మొదటి యజమాని ఒక లెక్చరరు. "ఉన్నారా?" అని మెసేజి కొట్టి స్నానానికి వెళ్లిపోయేవాడు. అవతలివాళ్లు "ఉన్నాను, చెప్పండి" అని రాసి, ఎదురుచూసి, కంగారుపడి ఫోన్ చేస్తే "ఏం లేదండీ, ఊరికే" అనేవాడు. ఊరికే ఎందుకు అడిగేవాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన నన్ను అమ్మేస్తే, కర్రీ పాయింటు నడిపే మాణిక్యాంబ గారి చేతికి వచ్చాను.

ఆవిడ మంచి మనిషే. అలవాటుతోనే వచ్చింది చిక్కు. ముందు ఫొటో పంపేస్తుంది. చెప్పదలచుకున్న మాట తర్వాత ఒంటివేలితో, అక్షరాలు వెతుక్కుంటూ కొడుతుంది. ఈలోగా కుక్కర్ కూత పెడితే నన్ను అక్కడే పడేసి పోతుంది.

కొట్టుకు కొత్త ఫ్లెక్సీ వేయిద్దామని ఆవిడ స్టూడియోలో ఫొటో తీయించుకుంది. పట్టుచీర, తలలో మల్లెపూలు, వెనక నీలిరంగు తెర. దాన్ని బంధువుల గ్రూపులో పెట్టి, "ఈ ఫొటో ఫ్లెక్సీకి బాగుం" వరకూ కొట్టేసరికి మూకుడులో నూనె కాగింది. నన్ను ఇంగువ డబ్బా పక్కన పెట్టి గారెలు వేయడానికి పోయింది.

మా గ్రూపుల్లో ఒక మనిషి ఫొటో మాటా పలుకూ లేకుండా వచ్చిందంటే దానికి ఒకటే అర్థం. పెద్దాపురం బావగారు "ఓం శాంతి" అన్నారు. ఆయన వెనకే అందరూ దండాలు పెట్టేశారు. "చాలా మంచి మనిషి" అని కూడా రాశారు. బతికుండగా ఆ మాట ఎవరూ రాయగా నేను చూడలేదు. ఎలా పోయిందని కనుక్కోవడానికి ఒక్కరూ ఫోన్ చేయలేదు. గ్రూపు మోత భరించలేక ఆవిడ దాని నోరు ఎప్పుడో నొక్కేసింది కాబట్టి, నేను అరిచి చెప్పడానికీ లేదు. ఆవిడేమో నా ఎదుటే గారెలు తిప్పుతోంది. ఎవరిని నమ్మాలో తెలియక బిత్తరపోయాను.

అంతలో మోగాను. తునిలో ఉండే చెల్లెలు సుభాషిణి. గృహప్రవేశంలో పెట్టిన చీర నాసిరకమని అక్కాచెల్లెళ్లకు మాటలు పోయాయి. ఆ పేరు నా మీద ఎన్నడూ వెలగలేదు. మాణిక్యాంబ గారు ఎత్తాలా వద్దా అని కాసేపు నన్నే చూసి, చివరికి పిండిచేత్తోనే ఎత్తింది.

"ఎవరండీ మాట్టాడేది? నేనొచ్చేదాకా మా అక్కని తీసికెళ్లిపోకండి బాబూ!"

"నన్నెక్కడికి తీసికెళ్తారే? గారెలేత్తన్నానిక్కడ."

అటు నుంచి భోరున ఏడుపు.

"నీ మొహం మండ! ఆ ఫొటో ఏంటే? ఒక్క మాటన్నా రాయొద్దా? నా పేణం పోయిందనుకో!"

ఈవిడా ఏడ్చింది. జిడ్డుచేతిలోంచి జారి నేను గచ్చు మీద పడ్డాను. నా అద్దం పగిలింది, గారెలు మాడిపోయాయి, అక్కాచెల్లెళ్ల మాటలు మాత్రం ఆగలేదు.

నన్ను ఇక్కడ ఇచ్చేసిన రోజు సుభాషిణి పక్కనే ఉంది. "ముందు మాట రాయి, తరవాత ఫొటో ఎట్టు" అని కొత్త ఫోన్లో అక్కకు నేర్పుతోంది. మర్యాద అదేనని నాకూ తెలుసు. కానీ ఆ రోజు మాటే ముందు వెళ్లి ఉంటే ఈ చెల్లెలు ఫోన్ చేసేదా?

"ఈ ఫొటో ఫ్లెక్సీకి బాగుం" అన్న ఆ సగం మాట ఇంకా నా దగ్గరే ఉంది. అది వెళ్లకపోవడం తప్పో మంచిదో, ఈ సొరుగులో ఎంత ఆలోచించినా నాకు తేలడం లేదు.