రెండు వేళ్ళ లూజు

నల్లగుడ్డ మీద నల్లదారం కనిపించడం మానేసిన రోజున దర్జీకి పందులు గుర్తొచ్చాయి. మామూలు మనుషులకు అలాంటప్పుడు కళ్ళజోడు గుర్తొస్తుంది. ఆయనకు అప్పటికే రెండు జోళ్ళున్నాయి, రెండూ చేతులెత్తేశాయి. కుట్టుమిషను ముందు ఇంకెంతకాలం కూర్చోగలడో ఆయనకు తెలుసు, ఆయన భార్యకు ఇంకా బాగా తెలుసు. అందుకే ఇంటి వెనక ఖాళీగా పడున్న జాగాలో పందుల్ని పెంచి, అక్క మొగుడి మాంసం కొట్టుకు అమ్ముతానని ఆ బావ తమ ఇంటికొచ్చిన ఒకనాడు అన్నాల దగ్గర ప్రకటించాడు.

ఆ బావ అల్లాటప్పా మనిషి కాదు. నాసిరకం మాంసం సొంత తమ్ముడు తెచ్చినా కొట్లో వేలాడదీయడని పేరు. ఆయన ముద్ద కలుపుతూనే బావమరిది వంక ఎగాదిగా చూశాడు.

"రెండు పెంచి చూపించు. బాగుంటే ఏడాది పొడుగునా నీ పందులు నేనే కొంటా. బాగాలేకపోతే మాత్రం మళ్ళీ ఈ ఊసెత్తకు."

"మొదటిసారి కదా బావా, ఒకటి సరిపోదా?"

"ఒక్కటే ఉంటే సరిగ్గా తినదయ్యా. పక్కది తినేస్తుందేమోనన్న భయం ఉండాలి. నువ్వు మా ఇంటికొస్తే తినవూ, అలాగ."

దర్జీ భార్య ఫక్కున నవ్వింది. ఆమె నవ్విందంటే ఒప్పుకున్నట్టే.

పాలు మాన్పించిన పందిపిల్లల కోసం మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక పందుల దొడ్డికి వెళ్ళారు. దొడ్డి నడిపే ఆవిడ రబ్బరు బూట్లు తొడుక్కుని గేటుకు ఆనుకుని నిలబడింది. లోపల గడ్డి మీద పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. వాటన్నిటిలోకీ బక్కపిల్ల లేచి, తడబడుతూ వచ్చి, దర్జీ ప్యాంటు అంచును మూతితో పొడిచి, ఆయన మొహంలోకి చూసింది. అంతే, ఆ మనిషి వెన్నలా కరిగిపోయాడు.

"ఇదే తీసుకుందాం. ఎంత మర్యాదగా వచ్చి పలకరించిందో చూడు," అన్నాడు భార్యతో.

"మర్యాద కాదండీ, మిగతావి దాన్ని తొట్టి దగ్గరికి రానివ్వవు. ఆకలేసి వచ్చింది," అంది దొడ్డి ఆవిడ. "ఇంతకీ మీకు ముద్దు చేసుకోవడానికా, మాంసానికా?"

దర్జీ నసుగుతుండగానే భార్య "మాంసానికే," అని తేల్చేసింది.

దొడ్డి ఆవిడ తొట్టిలో మేత పోసింది. నిద్రపోతున్న గుంపు ఒక్కసారిగా లేచి ఉరికింది. ముందు దూకినవాటినే చూడమంది. వీపు పొడుగ్గా ఉండాలి, కాళ్ళు గట్టిగా నిలబడాలి, కళ్ళు మెరవాలి, తోక కింద శుభ్రంగా ఉండాలి. దగ్గేదాని జోలికి పోవద్దంది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా అంత పట్టిపట్టి చూడరు. దర్జీ భార్య రెండు మగపిల్లల్ని ఎంచింది. రెండింటికీ అప్పటికే విత్తులు తీయించారు. ఒకటి అందరినీ తోసుకుని తినేది, రెండోది ముందుకాళ్ళు రెండూ తొట్టిలోనే పెట్టి నింపాదిగా తినేది. ఇల్లు చేరేలోపే మొదటిది తొందరగాడు, రెండోది పెద్దమనిషి అయిపోయాయి. తినబోయే జీవాలకు పేర్లు పెట్టొద్దని బావ ముందే చెప్పాడు. ఇవి పేర్లు కావు, గుర్తులు అని దర్జీ వాదన.

పందికి తిండి పెడితే చాలనుకునేవాళ్ళు పందిని పెంచనివాళ్ళు. దానికి పని కావాలి. పని లేకపోతే కంచె కింద తవ్వుతుంది. వచ్చిన మూడోవారమే తొందరగాడు కంచె కిందనుంచి దూరి, వంటింట్లోంచి నడిచి, ఇంటి ముందున్న కుట్టు దుకాణంలోకి వచ్చి, బ్యాంకు ఆఫీసరు కోటుకు తగిలించాల్సిన చెయ్యిని నమిలేశాడు. కోటు ఆలస్యమవుతుందనీ, చెయ్యిని పంది తినేసిందనీ దర్జీ ఉన్నదున్నట్టు చెప్పాడు.

"దర్జీల సాకులు నా జీవితంలో చాలా విన్నాను," అన్నాడు ఆఫీసరు. "ఇలాంటిది ఇదే మొదలు."

దర్జీ ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్ళి నిందితుణ్ణి చూపించాడు. ఆఫీసరు చాలాసేపు నిలబడి, పెద్దమనిషి వీపు గోకి, చివరికి కోటు సంగతి మరిచిపోయి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కంచె అడుగున రాళ్ళు పాతారు. మొక్కజొన్న పిండీ, తవుడూ, కూరగాయల కొట్టులో మిగిలిన ఆకులూ పెట్టారు. ఎండ ముదిరితే బురదగుంట తడిపారు. దర్జీ పొద్దున్నే మిషను దగ్గరికి పోయే ముందు ఒకసారి, భోజనానికి లేచినప్పుడు ఒకసారి, ఏ పనీ లేకుండా ఇంకోసారి పెరట్లోకి పోయేవాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన ఈల వేయడం భార్య వింది. ఆ ఈలకు శ్రుతీ లేదు, లయా లేదు, అయినా ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఇంట్లో కాటా లేదు. టేపుతోనే బరువు తెలుసుకోవచ్చని బావ లెక్క నేర్పాడు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టూ కొలిచి, ఆ అంకెను దానితోనే గుణించి, పొడుగుతో కూడా గుణించి, ఆయన చెప్పిన అంకెతో భాగిస్తే బరువు వస్తుంది. టేపు మాట వినగానే దర్జీ ఛాతీ కూడా ఒక అంగుళం పెరిగింది. కొలతలు నాకు నేర్పుతారా బావా అన్నాడు. ప్రతి ఆదివారం అవి తింటుండగా ఆయనే కొలిచేవాడు, భార్య లెక్క కట్టేది. వారం వారం అంకె పెరుగుతుంటే ఇద్దరికీ కడుపు నిండిపోయేది. చివరికి వంద కిలోలకు దగ్గరపడ్డాయని దర్జీ గర్వంగా కబురు పెట్టాడు.

బావ వ్యాను వేసుకుని వచ్చాడు. కంచె దగ్గర నిలబడి చూశాడు. మొహంలో నవ్వు లేదు.

"ఎంతన్నావు?"

"వందకు దగ్గర."

"ఎనభై దాటితే గొప్ప. కొట్లో ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నానయ్యా, నా కంటికి తెలియదా? బరువు పెంచి చెప్పేవాళ్ళ దగ్గర నేను కొనను. నువ్వైనా సరే."

దర్జీ మొహం పాలిపోయింది. ఇన్నాళ్ళ కష్టం ఒక్క మాటతో బురదలో కలిసిపోయేలా ఉంది. పైగా అబద్ధాలకోరన్న నింద. "నేను పెంచి చెప్పలేదు బావా. కావాలంటే మీ ముందే కొలుస్తా," అన్నాడు టేపు తీస్తూ.

భార్య తొట్టిలో తవుడు పోసింది. పెద్దమనిషి కాళ్ళు రెండూ తొట్టిలో పెట్టాడు. దర్జీ వంగి టేపు చుట్టాడు. బావ కూడా వంగాడు.

"ఆగు. టేపు కింద ఆ వేళ్ళేంటి?"

దర్జీ తన చేతిని తనే కొత్తగా చూసుకున్నాడు. టేపుకూ పంది ఒంటికీ మధ్య ఆయన రెండు వేళ్ళు దూరి ఉన్నాయి.

"లూజుకి," అన్నాడు.

"లూజా?"

"మరి బిగుతుగా తీస్తే కూర్చున్నప్పుడు పట్టేస్తుంది కదా బావా."

"పొడుగు ఎలా తీశావు?"

"చెవుల మధ్యనుంచి తోక దాకా. కుట్టుకి కొంచెం వదిలి," అని గొణిగాడు దర్జీ.

బావ బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, ఆ తర్వాత కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి తువ్వాలు కావలసి వచ్చింది. "చెల్లెమ్మా, నీ మొగుడు పందికి చొక్కా కుడుతున్నాడే," అన్నాడు ఊపిరందక. ఆమె కంచె పట్టుకుని నవ్వుతోంది. దర్జీ కాసేపు ఉక్రోషంగా నిలబడి, ఇక ఆపుకోలేక తనూ నవ్వేశాడు.

నవ్వు తగ్గాక బావ కంచె లోపలికి దిగాడు. రెండింటి వీపులూ తడిమాడు, తొడలు నొక్కాడు, నడిపించి చూశాడు. "ఒళ్ళు గట్టిగా ఉంది. బెదురు లేదు. ఇంకో నాలుగు వారాలు మేపు. టేపు మాత్రం చెల్లెమ్మకియ్యి," అని ఖాళీ వ్యానుతో వెళ్ళిపోయాడు.

ఆ నాలుగు వారాలూ గడిచి, వాటిని తీసుకెళ్ళే రోజు వచ్చింది. దర్జీ వ్యానులో వాటి పక్కనే కూర్చుని దారి పొడుగునా వీపులు గోకుతూ వెళ్ళాడు. బాధ కలిగింది. ఆ బాధను ఆయన దాచుకోలేదు, అందుకు సిగ్గుపడనూ లేదు.

మర్నాడు మొగుడూ పెళ్ళాలిద్దరూ కొట్టుకు వెళ్ళేసరికి జనం వాకిలి దాటి వీధిలో నిలబడి ఉన్నారు. బావ ఆ మాంసాన్ని అందరికీ కనిపించేలా ముందు కొక్కేనికే వేలాడదీశాడు. అంచున తెల్లటి కొవ్వు సమంగా ఉంది. తల ఎత్తకుండా కోస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం కాకముందే కొక్కెం ఖాళీ అయింది.

"ఇలాంటిది మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని అడిగింది చివర మిగిలిన ఒకావిడ, ఖాళీ సంచితో.

"నన్నెందుకమ్మా అడుగుతారు? పెంచేది ఆయన," అని బావ కత్తితో గోడ పక్కన నిలబడ్డ మనిషిని చూపించాడు. "ఇకనుంచి ఆయన పెంచిందే ఈ కొట్లో అమ్ముతాను."

ఆమె దర్జీ వైపు తిరిగింది. ఆయన తన భార్య వైపు తిరిగాడు.

"ఈసారి నాలుగు పెంచుతున్నామండీ," అంది భార్య.

ఆ మధ్యాహ్నం దుకాణం తెరవలేదు. ఇద్దరూ అటునుంచి అటే పందుల దొడ్డికి బయల్దేరారు.