ఎక్కడికి పోవాలమ్మా?

“రెండు రోజులకి బట్టలు సర్దు. పదింటికల్లా బయల్దేరాలి,” అన్నారు మావారు సాంబమూర్తి, నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే. ఎక్కడికండీ అంటే, “వెళ్ళాక నీకే తెలుస్తుందిగా,” అన్నారు. రెండో శనివారం, నేను పాఠాలు చెప్పే బడికి సెలవు. వాళ్ళవైపు ఏదో పెళ్ళి కాబోలనుకుని ఒక పట్టుచీర కూడా పెట్టాను.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లెక్కుతూనే పారేసుకుంటానని నా ఫోన్ తీసుకున్నారు. టికెట్లు రెండూ ఆయన ఫోన్‌లోనే ఉన్నాయి. రైలు రాగానే కోచింగ్ పిల్లల గుంపులో పడి సంచితో సహా ఎక్కేశారు. నేనొక ముసలావిడకి దారిస్తూ ఆగానో లేదో, తలుపులు మూసుకున్నాయి. అద్దం వెనక ఆయన నోరు కదిలింది గానీ ఒక్క మాటా వినబడలేదు.

సెక్యూరిటీ యూనిఫాంలో ఉన్న ఒకమ్మాయి వచ్చింది. చొక్కా మీద యాదలక్ష్మి అని ఉంది.

“ఏందమ్మా, గిట్ల నిలవడ్డరు? ఎక్కడికి పోవాలె?”

“తెలీదమ్మా.”

“తెల్వకుంట ఎట్ల ఎక్కుదామనుకున్నరు?”

ఎగతాళి చేయలేదా పిల్ల. నిజంగానే అర్థంకాక అడిగింది. నాకూ అర్థం కాలేదు. పిల్లలకి ప్రశ్నార్థక వాక్యాలు నేర్పే దాన్ని, రెండోసారి అడగలేదెందుకు? “జర కూసోండ్రి, పరేషాన్ గాకుండ్రి,” అంటూ తన ఫోన్ ఇచ్చింది. ఆయన నంబరు నోటికొచ్చు.

“అక్కడే ఉండు, కదలకు. నేను దిగి వెనక్కొస్తున్నా,” అన్నారు ఆయన.

“అసలు ఎక్కడికండీ?”

“మియాపూర్, అక్కయ్యగారింటికి. మోకాలి ఆపరేషనయింది కదా, నువ్వు రెండు నెలలుండాలి. మీ ప్రిన్సిపల్‌కి మొన్ననే చెప్పేశాను, ఇక రాదని. ముందే చెబితే వంకలు పెడతావని...”

నిన్న సాయంత్రం ప్రిన్సిపల్ అమల గారు నా చెయ్యి పట్టుకుని, “ఇల్లూ ముఖ్యమే కదా దుర్గగారూ,” అంటే, ఏమిటో తెలియక నవ్వేసి వచ్చాను. కోపం రావాలి కదా, రాలేదు. వదినగారు గుర్తొచ్చారు. నా పురుటికి నెల్లాళ్ళు నా పక్కనే పడుకున్న మనిషి. ఆవిడ నొప్పితో మూలుగుతుంటే నేను బడి గురించి ఆలోచిస్తున్నానా? అలాగని, ఆవిడకి సాయం చెయ్యాలంటే నా ఉద్యోగం నాకు తెలియకుండా పోవాలా? “గుణింతాలు చెప్పడం కూడా ఉద్యోగమేనా?” అని మా అత్తగారు అన్నప్పుడు నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పుడు ఎంత ఆలోచించినా తెలియడం లేదు. ఎదురుగా రెండు రైళ్ళు వచ్చి వెళ్ళాయి.

ఆయన చెమటలు కక్కుతూ వచ్చారు. “ఒక్క రైలెక్కడం కూడా చాతకాదు నీకు. పద.”

“వదినగారి దగ్గర ఎవరో ఒకరం ఉండాల్సిందే,” అన్నాను. “మీ అక్కయ్యే కదా, మీరు సెలవు పెట్టి ఉండండి.”

“నేనా? నా ఉద్యోగం ఏమవుతుంది?”

వెంటనే అనేశారు, ఏ మాత్రం తడుముకోకుండా. ఆ మాట నాకు మాత్రం ఎందుకు తోచలేదు? ఈ మనిషి మీద జాలిపడాలో, నా మీద నేను పడాలో తేలలేదు. రైలు వస్తోందని ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. మెల్లగా విడిపించుకుని చెయ్యి చాపాను.

“నా ఫోన్ ఇవ్వండి. అమల గారితో నేను మాట్లాడాలి, సోమవారం వస్తున్నానని.”